లోబడమన్న చోటే వాక్యం ఆగిపోయిందా?

వాక్యభాగం: ఎఫెసీయులకు 5:21–33; 1 పేతురు 3:7; మలాకీ 2:13–16



మన సంఘాల్లో ఒక మాట బాగా వాడుకలో ఉంది. భర్త చేత దెబ్బలు తిని వచ్చిన ఆడబిడ్డకు సంఘపెద్దలు చెప్పే మాట, కొన్నిచోట్ల కాపరులు చెప్పే మాట, చివరికి కన్నతల్లి కూడా చెప్పే మాట. "ఓర్చుకో తల్లీ. లోబడి ఉండు. ప్రార్థన చేసుకో, ప్రభువే మారుస్తాడు." చెప్పేవాళ్లు చాలావరకు చెడ్డవాళ్లు కారు. కాపురం నిలబడాలనే చెబుతారు. అయితే ఆ మాట వాక్యం కాదు. వాక్యంలో నుంచి ఒక ముక్క విరిచి, దానికి మన ఊరి ఆచారాన్ని అతికించి, దానిమీద దేవుని పేరు రాశాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో మగవాడి పెత్తనం సువార్త తెచ్చింది కాదు. సువార్త మన పల్లెలకు రాకముందే అది ఇక్కడ కూర్చుని ఉంది. రక్షణ పొందినప్పుడు మనం విగ్రహాలను విడిచాం, తాయెత్తులు తెంచాం, ముహూర్తాలు మానాం. పెత్తనానికి మాత్రం బాప్తిస్మమిప్పించి మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నాం.

నూటికి 84 మంది

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను ఒక ప్రశ్న అడిగారు. భర్త భార్యను కొట్టడం న్యాయమేనా? ఏడు కారణాలు ముందుపెట్టారు: భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, నడతమీద అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి సుమారు 84 మంది స్త్రీలు వీటిలో కనీసం ఒక్క కారణానికైనా కొట్టడం సబబేనన్నారు. దేశంలో అందరికంటే పైన నిలిచిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి.

ఈ లెక్క అన్ని మతాల వారిదీ. మన విశ్వాసులు వేరే దేశం నుంచి దిగిరాలేదు, ఈ ఊళ్లవాళ్లే, ఈ వీధులవాళ్లే. కొట్టడం సబబేనన్నది దెబ్బ తినే స్త్రీలే అన్న సంగతి గమనించండి. చెయ్యి లేవకముందే దెబ్బ మనసులో పడిపోయింది. "తిరిగి ఆడది చెడె, తిరక్క మగవాడు చెడె" అన్న సామెత నేర్పింది, అమ్మమ్మ నేర్పింది, సినిమా నేర్పింది. ఆ నేర్పుడును విరగ్గొట్టాల్సిన ప్రసంగ వేదిక దాని కింద అధ్యాయం, వచనం వేసి మరింత గట్టిచేసింది. నాకు బాధ అక్కడే.

సరే, ఆ ఏడు కారణాలనూ వాక్యం ముందు నిలబెడదాం.

భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడం. అబీగయీలు ఏం చేసింది? నాబాలు మూర్ఖత్వం వల్ల ఇంటిల్లిపాదీ చచ్చే పరిస్థితి వస్తే, గాడిదలమీద ఆహారం వేయించుకుని దావీదుకు ఎదురువెళ్లింది. భర్తకు చెప్పలేదని 1 సమూయేలు 25:19లో స్పష్టంగా ఉంది. దావీదు ఆమెను తప్పుపట్టలేదు. ఆమె బుద్ధిని మెచ్చుకుని, ఆమెను పంపిన దేవుణ్ణి స్తుతించాడు.

ఎదురు మాట్లాడడం. పేతురు మన స్త్రీలకు శారాను మాదిరిగా చూపించాడు, నిజమే. ఆ శారా మాట వినమని దేవుడే అబ్రాహాముకు చెప్పిన ఆదికాండము 21:12 మీద ఎన్ని పెళ్లి ప్రసంగాలు విన్నారు? ఇక భర్త మాటకు మారు చెప్పని భార్య సంగతి కూడా బైబిల్లో ఉంది. ఆమె పేరు సప్పీరా. అననీయ అబద్ధానికి ఆమె తలూపింది. పేతురు ఆమెను విడిగా నిలబెట్టి అడిగాడు. "మా ఆయన చెప్పాడండీ" అన్న సాకు ఆ రోజు అక్కరకు రాలేదు. దేవుని ముందు భార్య లెక్క భార్యదే.

ఇల్లు, వంట. బేతనియలో మార్త పనుల్లో సతమతమవుతుంటే, మరియ బోధ వింటూ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది. ప్రభువు మరియను లేపి వంటింట్లోకి పంపలేదు, ఆమె పక్షాన మాట్లాడాడు. తిరిగి లేచిన తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులమీద చేపలు కాల్చి శిష్యులకు పెట్టింది ఎవరు? లోకాన్ని గెలిచిన ప్రభువు పొయ్యి దగ్గర కూర్చున్నాడు. కూరలో ఉప్పు తగ్గిందని పళ్లెం విసిరే విశ్వాసి ఏ ప్రభువును వెంబడిస్తున్నట్టు?

అనుమానం. యోసేపుకు వచ్చిన అనుమానం చిన్నదా? ప్రధానమైన కన్య గర్భవతి అయింది. అప్పటికింకా దూత రాలేదు, కల రాలేదు. అయినా ఆమెను నలుగురిలో అవమానించడానికి ఆయనకు మనసు రాలేదు. మత్తయి ఆయన్ను నీతిమంతుడు అన్నది ఈ సందర్భంలోనే. అనుమానం వచ్చినా చెయ్యెత్తనివాణ్ణి లేఖనం నీతిమంతుడని పిలిచింది.

పడక. 1 కొరింథీయులకు 7లో భార్య శరీరంమీద భర్తకు అధికారం ఉందన్న మాట చాలామంది మగవాళ్లకు కంఠతా వచ్చు. అదే వచనంలో భర్త శరీరంమీద భార్యకు అధికారం ఉందని రాసి ఉంది. ఏదైనా ఇద్దరి సమ్మతితోనే అన్నాడు పౌలు. బలవంతానికి అక్కడ చోటులేదు.

అత్తమామలు. ఆదికాండము 2:24లో తల్లిదండ్రులను విడిచి వచ్చేది ఎవరు? పురుషుడు. మనం తిప్పేసి, విడిచిరావడమంతా ఆడపిల్లమీద వేశాం. ఆ తరువాత ఆమె వచ్చిన ఇంట్లో "ఎవరి ఇల్లనుకున్నావు?" అని అడుగుతున్నాం.

ఎఫెసీ పత్రిక అసలు ఏం చెప్పింది?

భార్యలు లోబడాలన్న మాట బైబిల్లో ఉంది. దాన్ని చెరిపేయడానికి నాకు అధికారం లేదు, ఆ కోరికా లేదు. ఉన్నది ఉన్నట్టు చదవాలన్నదే నా గొడవ.

మనవాళ్లు 5:22 దగ్గర మొదలుపెడతారు. పౌలు 5:21లో మొదలుపెట్టాడు. క్రీస్తునందలి భయంతో ఒకరికొకరు లోబడమన్నాడు. ప్రాచీనమైన కొన్ని గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో "లోబడుడి" అన్న క్రియ వేరుగా లేదు, 21లోని క్రియే కిందికి వస్తుంది. అంటే 21ని కోసేస్తే 22 నిలబడదు. వేరు నరికి కొమ్మను పట్టుకుని ఊగుతున్నాం.

తరువాత లెక్క చూడండి. భార్యలతో మూడు వచనాలు, 22 నుంచి 24 వరకు. భర్తలతో 25 నుంచి దాదాపు అధ్యాయం చివరి వరకు. పౌలు కాలపు రోమా సామ్రాజ్యంలో ఇంటి యజమానికి భార్యాబిడ్డలమీద, దాసులమీద పెద్ద అధికారం ఉండేది. అక్కడ భార్యలు లోబడాలంటే ఎవరికీ కొత్త కాదు. సంఘం కోసం క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్య కోసం అప్పగించుకోవాలన్న మాటకే ఆ రోజు మగవాళ్లు ఉలిక్కిపడి ఉంటారు. మన ప్రసంగాల్లో ఊరందరికీ తెలిసిన పాత సంగతి గట్టిగా వినబడుతుంది, సువార్త తెచ్చిన కొత్త సంగతి గొంతులోనే ఉండిపోతుంది.

శిరస్సు అంటే యజమాని అని మనం అర్థం చెప్పుకున్నాం. మన శిరస్సైన క్రీస్తు నడుముకు తువాలు కట్టుకుని పన్నెండుమంది పాదాలు కడిగాడు. తన దేహాన్ని కొట్టలేదు. దేహం కోసం తానే దెబ్బలు తిన్నాడు. శిరస్సు అన్న పేరు కావాలంటే ఆ పని కూడా కావాలి.

ఇంకొక్కటి. భార్యను లోబరచుకోమని భర్తకు ఆజ్ఞాపించే వచనం కొత్త నిబంధనంతటిలో ఒక్కటి కూడా లేదు. భర్తలకు ఉన్న ఆజ్ఞలు ప్రేమించమని, కఠినంగా ఉండవద్దని, సన్మానించమని. లోబడడం భార్య క్రీస్తును చూసి తన ఇష్టంతో ఇచ్చేది. చేతిలోనుంచి గుంజుకున్నది కానుక అవుతుందా? మన కానుకల సంచి అలా నింపుతామా?

"అతడు నిన్ను ఏలును" అని ఆదికాండంలో దేవుడే అన్నాడు కదా అంటారు. ఆ మాట ఏ అధ్యాయంలో ఉందో చూడండి. మూడవది, పాపం ప్రవేశించిన తరువాతిది. పొలంలో ముళ్లు, నుదుట చెమట, ప్రసవ వేదన, వాటి పక్కనే మగవాడి ఏలుబడి. ముళ్లకు గడ్డిమందు కొడుతున్నాం. చెమటకు ట్రాక్టరు తెచ్చాం. నొప్పులొస్తే ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరుగెత్తుతున్నాం. శాపంలోని ఒక్క ఏలుబడిని మాత్రం ఆజ్ఞగా కాపాడుకుంటున్నాం. పాపానికి ముందు, రెండవ అధ్యాయంలో ఆమెకు దేవుడిచ్చిన పేరు సహాయం. హెబ్రీ భాషలో ఆ మాట "ఏజెర్". కీర్తనల్లో అదే మాట దేవునికి వాడారు. సహాయం చేసేవారు తక్కువవారైతే, కొండలతట్టు కన్నులెత్తి ఎవరి సహాయం అడుగుతున్నాం?

సగం వచనంతో తిరిగి పంపుతున్నాం

దెబ్బలు తిన్న బిడ్డను తిరిగి పంపడానికి ఎక్కువగా వాడే వచనం మలాకీ 2:16. భార్యను విడనాడడం దేవునికి అసహ్యం. నిజమే. మన తెలుగు బైబిలు తీసి ఆ వచనాన్ని చివరిదాకా చదవండి. తన వస్త్రాలను బలాత్కారంతో నింపుకునేవాడి పని కూడా అసహ్యమేనని అందులోనే ఉంది. పై వచనాలు చూస్తే, దేవుని బలిపీఠం కన్నీళ్లతో తడిసిపోయిందనీ, యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసినందువల్ల ఆ మగవాళ్ల నైవేద్యాన్ని దేవుడు లక్ష్యపెట్టడం లేదనీ ఉంది. ఆ హెచ్చరిక కొట్టేవాడికి. మనం దాన్ని దెబ్బలు తిన్నదానికి చదివి వినిపిస్తున్నాం.

పేతురు ఇంకా తేటగా చెప్పాడు. భార్యను సన్మానించకపోతే భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందన్నాడు. ఉపవాస కూడికల్లో గంటలు గంటలు ప్రార్థిస్తున్నా ఆకాశం ఎందుకు మూసుకుపోయిందని అడిగే సహోదరుడా, ముందు నీ ఇంటి తలుపు తెరిచి చూడు.

సంఘపెద్దలను నియమించేటప్పుడు 1 తిమోతి 3 చదువుతాం. ఏకపత్నీ పురుషుడా, మద్యపానియా అని అడుగుతాం. మద్యపానం పక్కనే "కొట్టువాడు" అన్న మాట ఉంది, దాని దగ్గర మన చూపు జారిపోతుంది. తాగినవాణ్ణి ప్రభువు బల్ల దగ్గర ఆపుతున్నాం. తాగకుండా కొట్టినవాడికి రొట్టె అందిస్తున్నాం.

ఈ వంకర మన వేదికల్లోనే ఆగలేదు, క్రైస్తవుల కోసం చేసిన చట్టంలోనూ ఉండేది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్త విడిపోవాలంటే భార్య వ్యభిచారం ఒక్కటి నిరూపిస్తే చాలు. భార్యకు అది చాలేది కాదు. వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లు విడిచిపెట్టి వెళ్లడమో కూడా చూపించాలి. ఎంత కొట్టినా, క్రూరత్వం ఒక్కటే సరిపోదు. ఈ తేడా పోవడానికి 2001లో సవరణ రావాల్సి వచ్చింది. 132 ఏళ్లు!

కట్నం, ఆస్తి

యాకోబు రాహేలు కోసం 14 ఏళ్లు కొలువు చేశాడు. రిబ్కాను అడగడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు వెండి బంగారాలు తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాడు. బయలుదేరేముందు ఆమెను పిలిచి, వెళ్తావా అని ఇంటివాళ్లు అడిగారు. మన ప్రధానాల్లో ఈ అధ్యాయం చదువుతాం. చదవడానికి ముందే, అవతలి గదిలో పిల్లవాడి వెల ఎంతో బేరం తేలిపోయి ఉంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. మనం "కానుక" అని, "వాళ్లు ప్రేమతో పెట్టుకున్నది" అని పేరు మార్చాం. ప్రేమతో ఇచ్చేదాన్ని మధ్యవర్తితో బేరమాడతారా?

ఇక కూతుళ్ల వాటా. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ముందు, పెద్దల ముందు, సమాజమంతటి ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యం అడిగారు. మోషే వాళ్లను గదమాయించలేదు, దేవుణ్ణి అడిగాడు. వాళ్లు చెప్పింది న్యాయమని దేవుడు తీర్పిచ్చాడు. అది కొడుకులు లేని ఇంటి సంగతి అంటారా? కాలేబుకు కొడుకులున్నారు. అయినా అక్సా నేలతో పాటు నీటి మడుగులు అడిగితే, మెరక మడుగులూ పల్లపు మడుగులూ రెండూ ఇచ్చాడు.

దేశ చట్టం కూడా అదే చెబుతోంది. క్రైస్తవ తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకూ కూతురుకూ సమాన వాటా. కేరళలోని తిరువితాంకూరు ప్రాంతంలో 1916 నాటి చట్టం క్రైస్తవ కూతురికి కొడుకు వాటాలో నాలుగోవంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైతే అది ఇచ్చేది. మేరీ రాయ్ గారు సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1986లో గెలిచారు. ఇక మన కుటుంబాల్లో కాగితాలమీద హిందువులుగా ఉన్నవారు చాలామంది. వారికీ తప్పించుకునే దారి లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985లోనే సవరణ తెచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఏ కాగితం చూపినా ఆడపిల్లకు వాటా ఉంది. లేనిది మన మనసులో.

దీన్ని ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, పేరుమీద సెంటు భూమి లేని స్త్రీ భర్త చెయ్యెత్తితే ఎక్కడికి వెళ్తుంది? పుట్టింట్లో అన్నదమ్ములది, మెట్టింట్లో భర్తది. ఆమె మౌనాన్ని చూసి "ఎంత లోబడి ఉంటుందో" అని మురిసిపోతాం. అది ఆకలి భయమేమో ఒకసారి అడిగి చూడండి.

"ఇలా బోధిస్తే కాపురాలు కూలిపోతాయి"

నాకు తెలుసు, ఈ మాట వస్తుంది. ఇది పడమటి దేశాల పోకడ అని కూడా అంటారు. అబీగయీలు, అక్సా పడమటి దేశాలవారు కారు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో చదువుకుని, సారా పాకలు మూయించడానికి వీధిలోకి వచ్చినప్పుడు ఏ పడమటి పుస్తకమూ చదవలేదు. కూలి డబ్బు సారాకి పోయి, దెబ్బలు ఇంటికి వస్తుంటే లేచారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్లు గడప దాటి బయటికి రాబట్టే ఎన్నో కాపురాలు నిలబడ్డాయి.

"క్రీస్తు కోసం శ్రమ ఓర్చుకోవాలి కదా" అంటారు. క్రీస్తు నామం నిమిత్తం వచ్చే శ్రమ వేరు, తాగుబోతు కోపం వల్ల వచ్చే దెబ్బ వేరు. ఎన్నో శ్రమలు ఓర్చుకున్న పౌలు, అపొస్తలుల కార్యములు 22లో కొరడాలతో కొట్టబోతుంటే, నేను రోమీయుణ్ణి, విచారణ లేకుండా కొట్టవచ్చా అని చట్టం అడిగాడు. దమస్కులో చంపాలని చూస్తే గంపలో కూర్చుని గోడ దిగిపోయాడు. దాన్ని అవిశ్వాసం అని ఎవరన్నారు?

"క్షమించాలి కదా" అంటారు. క్షమించాలి. దావీదు సౌలును క్షమించాడు. చేతికి చిక్కినా రెండుసార్లు విడిచిపెట్టాడు. తిరిగి రమ్మని సౌలు పిలిచినప్పుడు మాత్రం ఆ ఈటె కిందికి వెళ్లి కూర్చోలేదు, తన దారిన వెళ్లిపోయాడు. క్షమాపణ మనసులో ఇవ్వవచ్చు. అదే గదిలో, అదే చేతి కింద పడుకోమని వాక్యం చెప్పలేదు.

ఎవరు ఏం చేయాలి?

భర్తలారా, కొట్టిన చెయ్యి ఎత్తి హల్లెలూయ అనకండి. ముందు ఆమె దగ్గరికి వెళ్లండి. క్షమాపణ అడగడం ఒక పూట పని, మారడం ఏళ్ల పని. ఆమె వెంటనే నమ్మకపోతే కోపగించుకునే హక్కు మీకు లేదు.

కొడుకులున్న తల్లులారా, ఆదివారం ఆరాధనకు ముందు కూతురు ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, పరుగెత్తుకుంటూ వస్తుంది. కొడుకు తల దువ్వుకుని మోటారుసైకిల్ ఎక్కి వస్తాడు. లోబడడం గురించిన మొదటి పాఠం అక్కడే అయిపోతోంది. వాడి కంచం వాడిచేతే కడిగించండి. రేపు వచ్చే కోడలికి మీరిచ్చే మొదటి కానుక అదే.

పెద్దలారా, తోటి కాపరులారా, దెబ్బలతో వచ్చిన స్త్రీని మొదట అడగాల్సింది "నువ్వేమన్నావు?" అని కాదు. "ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని. భర్తను పక్కన కూర్చోబెట్టి ఆమెను సాక్ష్యం అడగకండి, నిజం బయటికి రాదు. ఆమె మందిరానికి వచ్చిందని అతనికి కబురు పంపకండి. గృహహింస నుంచి కాపాడే చట్టం 2005లో వచ్చింది, దాని కింద రక్షణ అధికారులున్నారు. 181 నంబరుకు ఫోన్ చేస్తే సహాయం దొరుకుతుంది, ప్రాణాపాయం ఉంటే 112. ఆ రెండు నంబర్లూ మందిరం గోడమీద, వాక్యం పక్కనే రాయించండి. రాయిస్తే సంఘం పరువు పోతుందనుకుంటే, ఆ పరువు ఎవరి వీపుమీద నిలబడి ఉందో ఆలోచించండి.

సహోదరీ, నీ ఒళ్లు పరిశుద్ధాత్మకు ఆలయం. ఆలయాన్ని పాడుచేసేవాడికి దేవుడే లెక్క చెబుతాడని పౌలు రాశాడు. ఆ ఆలయాన్ని కాపాడుకోవడానికి నువ్వు తలుపు తీసుకుని బయటికి వస్తే, వాక్యాన్ని మీరినట్టు కాదు.

ప్రార్థన చేసుకుందాం.

పాదాలు కడిగిన ప్రభువా, నీ పేరుతో మేము మోస్తున్న మా ఊరి పెత్తనాన్ని మా ఇళ్లలోనుంచి తీసివేయి. సగం వచనాలు చదివే మా కళ్లు తెరువు. ఈ రాత్రి భయంతో తలుపు గడియవైపు చూస్తున్న ప్రతి బిడ్డకూ ఒక దారి, ఒక ఇల్లు, ఒక తోడు చూపించు. ఆ తోడు మా సంఘమే అయ్యేటట్టు చేయి. యేసు నామంలో వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.